బూత్ దొరసానిగారి వ్యాధియు, ఆమె పెనిమిటి పరిచర్యయు

ఖతరు దేశమున దోహా పట్టణమునకు దక్షిణముగా, అల్ వక్రా ప్రాంతమునందు, బిర్కత్ అల్ అవామిర్ అను స్థలము కలదు. అరబ్బీ భాషలో బిర్కత్ అనగా కోనేరు. నేడచ్చట కంటికి కనబడునవి గిడ్డంగులును, కర్మశాలలును, లారీల వరుసలును, పరదేశములనుండి వచ్చిన పనివారి వసతిగృహములును. తోటలలో లైన్లయందు కాపురముండువారికి ఆ వసతులు క్రొత్తవిగా తోచవు. ఒక్క గదిలో పలువురు, అందరికి నొక్క వంటశాల, తెల్లవారకమునుపే పనికి పిలుపు. భేదమేమనగా, అచ్చట భార్యాబిడ్డలు చెంతనుండరు. కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాలనుండి గల్ఫు దేశములకు పోవు తెలుగువారు పెక్కుమంది యిట్టి చోటులనే యేండ్ల తరబడి గడుపుచున్నారు.

కోనేరనగానే క్రైస్తవులకు యోహాను సువార్తలోని బేతెస్ద జ్ఞప్తికి వచ్చును. అచ్చట 38 సంవత్సరములు వ్యాధితో పడియున్నవాడు ప్రభువుతో చెప్పుకొనిన దుఃఖము నీళ్లు లేవని కాదు. తన్ను నీళ్లలో దింపుటకు మనుష్యుడు లేడని. రోగికి మందెంత యవసరమో, చెంత నిలుచు మనుష్యుడు నంత యవసరము.

రాచపుండని మనవారు చెప్పుకొను క్యాన్సరు వ్యాధి యొక యింట ప్రవేశించినప్పుడు ఈ మాట మరింత నిజమగును. ఇంటివద్ద భార్యకు రొమ్మున గడ్డ కనబడెననియు, వైద్యులు దానిని రాచపుండనిరనియు దూరదేశమున పనిచేయు భర్తకు ఫోనులో వార్త వచ్చిన రాత్రి, అతని మనస్సున రెండు ప్రశ్నలు లేచును. పని విడిచి పోవలెనా, చికిత్సకు డబ్బు పంపుటకై పనిలోనే నిలువవలెనా అనునది మొదటిది. ఇన్నాళ్లు చేసిన ప్రార్థన యేమాయెననునది రెండవది. ఈ రెండు ప్రశ్నలును 1888వ సంవత్సరమున లండను నగరము చెంత నొక యింట పుట్టినవి. ఆ యిల్లు రక్షణ సైన్యమును స్థాపించిన విలియం బూత్ గారిది. రోగి ఆయన భార్యయైన కేథరిన్ బూత్ దొరసానిగారు.

వారిరువురును 1829వ సంవత్సరముననే పుట్టిరి. ఆమె ఆష్‌బర్న్ అను ఊర జనవరి 17వ తేదీన జన్మించెను. ఆయన నాటింగుహాము పట్టణమున ఏప్రిల్ 10వ తేదీన జన్మించెను. ఆయన కలిమిగల యింట పెరిగినవాడు కాడు. 13 యేండ్ల ప్రాయముననే తాకట్టు దుకాణమున పనికి కుదిరి, బీదలు తమ దుప్పట్లను, పనిముట్లను కుదువబెట్టుకొనుట దినదినము చూచెను. 1855 జూన్ 16వ తేదీన వారికి వివాహమాయెను. వారికి ఎనిమిదిమంది బిడ్డలు కలిగిరి. స్త్రీలు ప్రసంగపీఠమెక్కుట తగదని యెంచబడిన ఆ కాలమున, 1860లో కేథరిన్‌గారు బహిరంగముగా ప్రసంగించుట కారంభించెను. 1865లో లండను తూర్పుభాగపు పేదపేటలలో వారు మొదలుపెట్టిన సువార్తపనికే 1878లో రక్షణ సైన్యమను పేరు కలిగెను.

1888 ఫిబ్రవరిలో ఆమె తన రొమ్మునందలి గడ్డను చూపించుకొనుటకై సర్ జేమ్సు పాజెట్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుని యొద్దకు పోయెను. ఆయన దానిని రాచపుండని తేల్చి, శస్త్రచికిత్స చేయించుకొమ్మనెను. ఆమె తన కెంతకాలము మిగిలియున్నదని సూటిగా అడిగెను. రెండేండ్లకు మించి బ్రదుకు సాగదని తెలిసికొనెను. పిమ్మట జట్కాబండిలో ఒంటరిగా ఇల్లు చేరెను. దారిలో ఆమె మోకరించి ప్రార్థించెనని ఆమె చరిత్రకారులు వ్రాసిరి.

ఇంటివద్ద బూత్ గారు హాలండు దేశమునకు ప్రయాణము కట్టుచుండిరి. ఆమె భర్తకు విషయము దాచలేదు, తగ్గించి చెప్పలేదు. అప్పుడామె కెల్లవాటికంటె ముందు కలిగిన తలంపును బూత్ గారు మరణపర్యంతము మరువలేదు. తన మరణమును గూర్చి ఆమె దుఃఖింపలేదు. భర్తకు అవసానకాలము వచ్చినపుడు ఆయనకు పరిచర్య చేయుటకు తాను ఉండనని దుఃఖించెను. ఆయన నోట మాట రాలేదు. ఇరువురును కూడి ప్రార్థించిరి. తన నిమిత్తమై హాలండు ప్రయాణము మానవద్దని ఆమె పట్టుబట్టెను.

ఇచ్చట చదువరులు ఒక సంగతి గుర్తింపవలెను. కేథరిన్‌గారు శస్త్రచికిత్సకు ఒప్పుకొనలేదు. ఆమె భక్తిపరురాలగుటచేత ఈ యొక్క నిర్ణయమును విశ్వాసులందరికి విధిగా ఎంచుట తప్పు. ఆ కాలపు వైద్యమేపాటిదో తలంచిన, ఆమె భయము తెలియును. మత్తుమందు 1846 తరువాతనే వాడుకలోనికి వచ్చెను. గాయము చీము పట్టకుండ జేయు పద్ధతిని లిస్టరు గారు 1867లో ప్రకటించిరి. రాంట్జెన్ గారు ఎక్సు కిరణములను కనుగొనినది 1895లో. క్యూరీ దంపతులు రేడియమును కనుగొనినది 1898లో. ఆమె వ్యాధి కాలమున ఈ కడపటి రెండును లేవు.

ఆమె మంచమున నున్న 1889లోనే ఆ పాజెట్ వైద్యుని కుమారుడైన స్టీఫెన్ పాజెట్ గారు రొమ్ము క్యాన్సరుచే మరణించిన 735 మందిని గూర్చిన వివరములను పరిశీలించి ఒక వ్యాసము ప్రకటించిరి. ఈ వ్యాధి ఒకచోటనుండి మరియొకచోటికి ప్రాకునపుడు కంటికి కనబడని విత్తనమువలె పోవుననియు, తనకు తగిన నేల దొరికినచోటనే మొలకెత్తుననియు ఆయన వాదించెను. విత్తువాని ఉపమానమును నెరిగిన క్రైస్తవులకిది సుళువుగా బోధపడును. నేటి వైద్యులును ఈ సిద్ధాంతమును గౌరవించుచున్నారు. దీనినుండి సామాన్యులు గ్రహింపవలసిన దేమనగా, విత్తనము చెదరకమునుపే కనిపెట్టిన యెడల వ్యాధిని కుదుర్చుట కెక్కువ యవకాశము కలదు. గడ్డ కనబడిన దినమే వైద్యునికి చూపించుట అవిశ్వాసము కాదు. లూకా సువార్తికుడే వైద్యుడు గదా.

1888 జూన్ 21వ తేదీన లండనులోని సిటీ టెంపిల్ అను దేవాలయమున ఆమె తుది బహిరంగ ప్రసంగము చేసెను. ఆ మీదట మరల ప్రసంగపీఠమెక్కుట ఆమెకు సాధ్యపడలేదు. 1889లో ఆమెను క్లాక్టను అను సముద్రతీరపు ఊరికి తీసికొనిపోయిరి. ఆ కాలమంతయు బూత్ గారికి సైన్యపు పని తప్పలేదు. కూటములకు పోవును, పని ముగియగానే ఆమె మంచమునొద్దకు తిరిగి వచ్చును. బిడ్డలు వంతులవారీగా కనిపెట్టియుండిరి. నేడు దూరదేశమున పనికి పోయి, నెలజీతమును ఆసుపత్రికి పంపు భర్తకు బూత్ గారి యవస్థ పరాయిది కాదు.

ఆయన విశ్వాసము ఈ దినములలో నెట్లుండెను? లోకమంతట కూటములు జరిపిన బోధకుడు గనుక, ఆయన మనస్సున కలత పుట్టలేదని యెవరైన తలంచిన పొరపాటు. ఆయన తన దినచర్యలో వ్రాసికొనిన దాని భావమిది: తనకు అరువదియేండ్లు నిండినవి, దేవునిమీద మోపి తేలికపడలేని దుఃఖము జీవితములో మొదటిసారి తన కిప్పుడు కలిగినది. ఎందరినో చింతలు ప్రభువుమీద వేయుడని బోధించినవాడే, తన చింత తనమీదనే నిలిచియున్నదని ఒప్పుకొనెను. భార్య నొప్పితో మెలికలు తిరుగుచుండ ప్రార్థించియు నొప్పి తగ్గకుండుట చూచి, దీని భావమేమని ఆయన దేవుని యెదుట మొరపెట్టెను. అయినను ప్రార్థన మానలేదు, మంచము విడువలేదు.

మన సంఘములలో కొందరు, విశ్వాసమున్నచో కన్నీరు రాదందురు. వ్యాధి కుదరకున్నచో విశ్వాసము చాలదందురు. రోగిని కనిపెట్టి అలసియున్నవానిమీద ఈ మాట రాతిబండవలె పడును. యోబును చూడవచ్చిన స్నేహితులు ఏడు దినములు నేలమీద అతనితో మౌనముగా కూర్చున్నంతకాలము మంచి స్నేహితులే. నోరు తెరచి కారణములు చెప్పనారంభించినప్పుడే తప్పిరి. పౌలు మూడుమారులు వేడుకొనినను శరీరములోని ముల్లు తీసివేయబడలేదు. చాలినంత కృపమాత్రము దొరకెను. కాబట్టి బూత్ గారి దినచర్యలోని మాట విశ్వాసపు లోపముగాక, విశ్వాసపు సత్యవాక్కని యెంచవలెను. దేవునితో అబద్ధమాడుటకంటె, మోయలేకున్నానని చెప్పుట మేలు.

ఆ మంచము చెంతనే మరియొక పని జరిగెను. బూత్ గారు డబ్ల్యూ. టి. స్టెడ్ అను పత్రికాధిపతి సహాయముతో బీదలను గూర్చి పెద్ద గ్రంథమొకటి సిద్ధపరచెను. చీకటి ఇంగ్లండును, దానినుండి వెలుపడు మార్గమును దానికి విషయము. లండనులో బండిలాగు గుఱ్ఱమునకు రాత్రి తలదాచుకొన చోటును, తినుటకు మేతయు, చేయుటకు పనియు దొరకుచుండగా, లక్షలకొలది మనుష్యులకు అంతపాటియైనను దొరకుట లేదని ఆయన వాదించెను. కూలిచేసి బ్రదుకువారికి ఈ వాదము బాగుగా అర్థమగును. రోగియు పనిలో భాగము విడువలేదు. 1890 జూలైలో స్ఫటిక మందిరమున జరిగిన సైన్యపు 25వ వార్షిక మహోత్సవమునకు ఆమె పడకనుండియే సందేశము పంపెను. రోగిని పరామర్శకు మాత్రమే తగినవానిగా నుంచక, ఇంటి ఆలోచనలలో, పనిలో పాలివానిగా నుంచుట కూడ పరిచర్యయే.

1890 అక్టోబరు 4వ తేదీన ఆమె క్లాక్టనులో ప్రభువునందు నిద్రించెను. వేలకొలది జనులు ఆమె పార్థివదేహమును దర్శించిరి. అబ్నీ పార్కు శ్మశానమున సమాధి జరిగినపుడు బూత్ గారు తన భార్యను నలువదియేండ్లు తన కిటికీ చెంత నీడనిచ్చి, పూచి, కాచి, ఆకస్మికముగా నరకబడిన వృక్షముతో పోల్చెను. వారి గ్రంథము ఆ నెలలోనే వెలువడెను. దానిని ఆమె జ్ఞాపకార్థము అంకితమిచ్చెను. మరుసటి సంవత్సరము, అనగా 1891లో, హాడ్లీ అను చోట వ్యవసాయ నివాసమును, తూర్పు లండనులో అగ్గిపుల్లల కర్మశాలయు స్థాపింపబడెను. తెల్ల భాస్వరముచే అగ్గిపుల్లల పనివారి దవడలు కుళ్లిపోవుచుండిన ఆ దినములలో, ఈ కర్మశాల అపాయము లేని ఎఱ్ఱ భాస్వరమును వాడెను. ఒక స్త్రీ బాధను దగ్గర నుండి చూచిన కన్నులు, ఇతర స్త్రీల దవడల బాధను చూడకుండ పోలేదు.

ఆ కుటుంబపు పని తెలుగుదేశమునకును వచ్చెను. పంజాబులో ప్రభుత్వోద్యోగము వదలుకొనిన ఫ్రెడరిక్ టక్కరు గారు 1882 సెప్టెంబరులో బొంబాయి చేరి, ఫకీర్ సింగు అని పేరు పెట్టుకొని, దేశీయ వస్త్రములు ధరించి పనిచేసెను. 1888 ఏప్రిల్‌లో, కేథరిన్‌గారి వ్యాధి తెలిసిన రెండు నెలలకే, ఆమె కుమార్తె ఎమ్మాను ఆయన పెండ్లాడెను. 1895లో అబ్దుల్ అజీజ్ అను అధికారి బెజవాడలో సైన్యపు పని నారంభించెను. గుంటూరు ప్రాంతమున నిడుబ్రోలు ఆసుపత్రికిని, బాపట్ల కుష్ఠరోగుల ఆసుపత్రికిని ఆమె మరియొక కుమార్తెయైన ఎవాంజిలిన్ బూత్ గారి పేరు పెట్టబడెను. తల్లి వ్యాధిచే మరణింపగా, కూతురి పేరిట చికిత్సాలయములు వెలసినవి.

ఇక తెలుగువారి వ్యాధిని గూర్చి ఒక మాట. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములలో, విశేషముగా స్త్రీలు, చుట్టయొక్క నిప్పుగల కొనను నోటిలో నుంచుకొని కాల్చు అలవాటు కలదు. దీనినే అడ్డపొగ యందురు. 1945లో ఖానోల్కరు, సూర్యాబాయి గార్లు ఈ అలవాటుచే అంగిట క్యాన్సరు పుట్టుచున్నదని వ్రాసిరి. తాంబూలముతో పొగాకు నములుటయు నోటికి హానియే. పనిచోట అలసట తీరుటకని పట్టిన అలవాటు ఇంటికి ఇట్టి దుఃఖము తెచ్చును. భార్యకు పరిచర్య చేయుట వ్యాధి వచ్చిన తరువాతనే కాదు. ఆమె నోటిలోని తెల్లమచ్చను, మానని పుండును ముందుగా చూచి వైద్యుని చెంతకు కొనిపోవుటయు పరిచర్యయే.

1888లో బూత్ గారికి లేని మార్గములు నేటి పేదవానికి కొన్ని కలవు. హైదరాబాదులో 1955లో ప్రారంభమైన మెహదీ నవాజ్ జంగ్ పేరిటి క్యాన్సరు ఆసుపత్రి కలదు. రాయవేలూరి మిషను ఆసుపత్రియందును చికిత్స కలదు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమున క్యాన్సరు చికిత్సయు చేరియున్నది. పూర్వము ఖతరులోని పనివాడు యజమానుని అనుమతిపత్రము లేక దేశము విడువజాలకుండెను. 2018వ సంవత్సరపు 13వ చట్టముచే పెక్కుమంది పనివారికి ఆ నిర్బంధము తొలగెను. 2020 జనవరిలో గృహసేవకులు మొదలగువారికిని తొలగింపబడెను. దోహాలో 2008 మొదలుకొని క్రైస్తవ దేవాలయములకు ప్రత్యేకముగా నిచ్చిన ఆవరణములో ఆరాధన జరుగుచున్నది. సెలవు దినమైన శుక్రవారమున అచ్చట కూడుకొను పరదేశి, ఇంటివద్ద నున్న రోగిని సంఘపు ప్రార్థనలో జ్ఞాపకము చేయించుకొనవచ్చును.

అయినను సెలవు చీటియు, విమానపు టిక్కెట్టు డబ్బును దొరకని కూలివాడున్నాడు. అతనిని తప్పుపట్టుట తగదు. బూత్ గారిని హాలండుకు పొమ్మన్నది రోగియే. ప్రశ్న దూరమును గూర్చి కాదు, విడిచిపెట్టుటను గూర్చినది. దినదినము మాటలాడుటయు, వైద్యుడు చెప్పిన సంగతిని దాచకుండుటయు, చేతనైనపుడు తిరిగి వచ్చుటయు, అంతవరకు ఇంట రాత్రి మేలుకొనుటకు సోదరుని, పొరుగువారిని, సంఘస్థులను ఏర్పరచుటయు దూరస్థుని పరిచర్య. సంఘమునకును దీనియందు ఋణము కలదు. కూలికి పోయినవాని భార్య మంచమున నున్న యెడల, ప్రార్థన చేసి వెళ్లుట చాలదు. ఆమె చెంత ఒక రాత్రి కూర్చుండువారు, బిడ్డలకు వండి పెట్టువారు, ఆసుపత్రికి వెంట పోవువారు కావలెను. మనుష్యుడు లేడను బేతెస్ద మొర మన వీధిలో వినబడకూడదు.

బూత్ గారు భార్య మరణించిన తరువాత మరి 22 సంవత్సరములు బ్రదికిరి. 1891లో సముద్రముమీద బయలుదేరి దక్షిణాఫ్రికాను, ఆస్ట్రేలియాను, హిందూదేశమును చూచిరి. ముసలితనమున కన్నులు పోయినవి. 1912 ఆగస్టు 20వ తేదీన ఆయన మరణించిరి. ఆయన అంత్యదినములలో తాను చెంతనుండనని 1888లో కేథరిన్‌గారు దుఃఖించిన స్థానమున ఆమె కనిన బిడ్డలుండిరి. అబ్నీ పార్కున ఆయనను ఆమె ప్రక్కనే సమాధి చేసిరి.